అమ్మమ్మ కోళ్లు ఊరికే పెరగలేదు

"మా అమ్మమ్మ వాళ్లింట్లో ముప్పై కోళ్లుండేవి, ఎవరూ ఏమీ చేసేవాళ్లు కాదు, వాటంతట అవే పెరిగేవి." పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకుందాం అనుకునే ప్రతివాళ్లూ మొదట అనే మాట ఇదే. 2022 వానాకాలంలో నేనూ మా ఆయనతో ఇదే అన్నాను. అదే ధైర్యంతో పది కోడిపిల్లల్ని అట్టపెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను, వారం తిరిగేసరికి మూడు మిగిలాయి. అప్పట్నుంచీ ఈ మాట ఎవరి నోట విన్నా నాకు ఊరుకోబుద్ధి కాదు, పనులన్నీ పక్కన పెట్టి వాదనకు దిగుతాను. ఈసారి అదంతా ఒకేచోట రాసి పడేస్తే మా బంధువులైనా కొంచెం తెరిపిన పడతారు.

ముందు అమ్మమ్మ సంగతి తేల్చుకుందాం. మధిర దగ్గర పల్లెటూరు. ఇంటి ముందు పశువుల కొట్టం, పక్కన పెంటకుప్ప, వెనక గడ్డివాము, కాస్త దూరంలో కళ్లం. పొద్దున్నే గంప ఎత్తగానే కోళ్లు నేరుగా పెంటకుప్ప ఎక్కేవి. అందులో పురుగులు, వానపాములు, పేడలో అరక్కుండా వచ్చిన గింజలు. నూకలు, తౌడు ఎలాగూ ఇంట్లోవే. చిన్న కోడిపిల్లలకైతే తాతయ్య పాత కుండలో పేడ, చిరిగిన గోనెగుడ్డ, ఎండుగడ్డి కుక్కి, నీళ్లు చిలకరించి, చెదపుట్ట ఉన్నచోట బోర్లించి వచ్చేవాడు. మర్నాడు ఆ కుండ తెచ్చి వాకిట్లో తిరగేస్తే చెదలు తెల్లగా కుప్పపడేవి, కోడిపిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ నిమిషంలో ఊడ్చేసేవి. ఇప్పుడు నేను బస్తాలెక్కన డబ్బు పోసి కొంటున్న దాణాలో ఏ మాంసకృత్తులైతే ఉన్నాయో అవే తాతయ్య కుండలోనూ ఉండేవి, డబ్బు లేకుండా.

ఇక నష్టాల సంగతి ఎవరూ చెప్పరు. పన్నెండు గుడ్లు పొదగేస్తే తొమ్మిదో పదో పిల్లలయ్యేవి, గద్ద రెండు ఎత్తుకుపోయేది, పిల్లి ఒకటి, ముంగిస ఇంకొకటి, వానకి తడిసి రెండు, ఇలా పోగా చివరికి పెద్దయ్యేవి మూడో నాలుగో. ఎండలు ముదిరే వేళకు పక్క ఊళ్లో కోళ్లను గుంపులుగా చంపే కొక్కెర తెగులు వచ్చిందని తెలిస్తే చాలు, మా ఊళ్లో అన్ని ఇళ్లలోనూ కోడికూర వాసనే. రోగం తినేలోపు మనమే తినేద్దాం అని. మిగిలిన ఒకటి రెండు పెట్టలతో మళ్లీ మొదలు. దాన్ని నష్టం అని ఎవరూ అనలేదు కాబట్టి మనకు గుర్తులేదు. అమ్మమ్మ ఏమీ చేయలేదన్నదీ అబద్ధమే. సాయంత్రం కోళ్లు మూసే వేళ ఆవిడ నడుం వంచి ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టుకోవడం, పెట్ట తోక కింద వేలితో తడిమి "ఇది రేపు పెడుతుంది, దీన్ని ఇంట్లోనే ఉంచండి" అనడం నేను కళ్లారా చూశాను. ఆ పని మనకు పనిలా కనిపించలేదు, అంతే.

మాది ఖమ్మం శివార్లలో 250 గజాల స్థలం. ఇల్లు పోగా వెనక వంద గజాల మట్టినేల ఉంటుంది, అందులో ఒక జామచెట్టు, రెండు మునగలు, కరివేపాకు, అత్తయ్య వేసుకునే ఆకుకూర మడులు. పశువుల్లేవు, పెంటకుప్ప లేదు, కళ్లం అసలే లేదు, మూడువైపులా గోడలు, నాలుగోవైపు వీధికుక్కలు. అమ్మమ్మకు ఊరు ఇచ్చినవన్నీ ఇక్కడ మనమే తెచ్చిపెట్టాలి. నేను చెప్పేది ఇంతే, మిగతాదంతా దీనికి సాక్ష్యం.

మొదటి తప్పు కోడిపిల్లల్ని కొనడం. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, చవక, పిల్లలు ఎగురుతారు. కానీ ఒక్కరోజు వయసున్న కోడిపిల్లకి మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి, నాలుగైదు వారాల దాకా రెక్కల కింద దాచుకునే తల్లి లేని లోటు బల్బు తీర్చాలి. నేను అట్టపెట్టెలో ఊక పరిచి, వంద వాట్ల బల్బు వేలాడదీసి, పైన గుడ్డ కప్పి, తెలివైనదాన్ననుకుని పడుకున్నాను. రాత్రి రెండింటికి కరెంటు పోయింది. మాకు ఇన్వర్టరు ఫ్యాన్లకుంది గానీ ఆ వరండా ప్లగ్గుకు లేదు. పొద్దున్న చూస్తే పదీ ఒకే మూలకు చేరి ఒకదానిమీద ఒకటి ఎక్కి ముద్దలా ఉన్నాయి. పైనున్నవి కళ్లు మూసుకుని కిచకిచలాడుతున్నాయి, అడుగునున్న నాలుగు బల్లపరుపుగా అణిగిపోయి ఉన్నాయి. చలికి చావలేదు అవి, మిగతావాటి బరువుకు ఊపిరాడక చచ్చాయి. మా పాప అప్పటికింకా నిద్రలేవలేదు, గబగబా తీసి జామచెట్టు కింద పాతిపెట్టాను. ఆ వారంలోనే ఇంకో మూడు పోయాయి, రెక్కలు వేలాడేసుకుని, వెనక భాగానికి తెల్లగా రెట్ట అంటుకుపోయి.

మిగిలిన మూడింట్లో ఒకదాన్ని ఆరు వారాలప్పుడు పిల్లి పట్టుకుపోయింది, ఒకటి పుంజు అని తేలింది, ఒక్కటే పెట్ట. పాప దానికి రంగు చూసి బెల్లం అని పేరు పెట్టింది. పుంజు తెల్లవారుజామున నాలుగింటి నుంచీ కూయడం మొదలుపెట్టాక పక్కింటాయన మూడు రోజులు ఓపిక పట్టి నాలుగోరోజు గేటు దగ్గర "మేడమ్, అలారం మా ఫోన్లలో కూడా ఉందండీ" అన్నాడు. తప్పు లేదు, ఆయన రాత్రి డ్యూటీ చేసొస్తాడు. పుంజును ఊరికి పంపేశాం.

పుంజు పోతే గుడ్లు ఎలా పెడతాయి అని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు, అందులో డిగ్రీలు చదివినవాళ్లూ ఉన్నారు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, అది పిల్ల అవ్వదు, అంతే తేడా. ఇంటి గుడ్ల కోసమే అయితే కాలనీల్లో పుంజు అక్కర్లేదు.

అందుకని మొదలుపెట్టేవాళ్లకు నా సలహా, నాలుగు నాలుగున్నర నెలల పెట్టలు కొనండి. కోడిపిల్లకు పదింతలు పెట్టాల్సొస్తుంది, పెట్టండి. టీకాలు వేయించినవే అడగండి. నేను తర్వాత గ్రామప్రియ పెట్టలు మూడు తెచ్చుకున్నాను. ఈ రకం హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌లో పెరటి పెంపకం కోసమే తయారైంది, ఇంటి పెరట్లో ఏడాదికి నూట అరవై గుడ్ల పైనే పెడుతుందంటారు, నాటు పెట్ట యాభై అరవై దగ్గర ఆగిపోతుంది. వనరాజా కూడా అక్కడిదే, మాంసానికీ గుడ్లకీ రెండింటికీ పనికొస్తుంది కానీ ఒళ్లు బరువు, కుక్క వెంటపడితే నాటుకోడిలా గోడెక్కలేదు. కడక్‌నాథ్ జోలికి మొదట్లోనే పోకండి, మధ్యప్రదేశ్‌లోని ఝాబువా నల్లకోడి అది, దాని చుట్టూ ఉన్నంత ప్రచారం గుడ్ల బుట్టలో కనిపించదు.

కోళ్లకన్నా ముందు గూడు కట్టాలి. చెప్తే చాలా చిన్న మాటలా ఉంటుంది గానీ, నా పరిచయస్థుల్లో గూడు కట్టి కోళ్లు తెచ్చినవాళ్లు ఇద్దరే, మిగతా అందరం కోళ్లు తెచ్చి గూడు వెతుక్కున్నవాళ్లమే. పగలు కోడికి కాళ్లున్నాయి, రెక్కలున్నాయి, గోల చేస్తుంది. చీకటి పడితే దానికి కళ్లు కనపడవు, కొమ్మ మీద ఉన్నదాన్ని ఉన్నట్టు చేత్తో ఎత్తుకోవచ్చు, మనం ఎత్తుకోగలిగితే ముంగిసా ఎత్తుకోగలదు. మామూలు కోళ్ల జాలి కోడి బయటికి పోకుండా ఆపుతుంది, కుక్క లోపలికి రాకుండా ఆపలేదు, పళ్లతో పట్టి లాగితే కుట్లు విప్పినట్టు విడిపోతుంది. కాబట్టి కింద మూడడుగులైనా గట్టి వెల్డ్‌మెష్, అంటే వెల్డింగ్ చేసిన ఇనుప జాలి, కావాలి, దాన్ని అడుగున్నర మట్టిలోకి దించాలి, లేకపోతే కింద నుంచి తవ్వుకుని వస్తాయి. తలుపుకు గొళ్లెం ఒకటి, దానికి చిలక ఒకటి. పడుకోవడానికి రెండడుగుల ఎత్తులో చేతికర్ర లావు దుంగ, కొంచెం గుండ్రంగా ఉండాలి. గుడ్లకి చీకటి మూలన ఊక పోసిన పాత ప్లాస్టిక్ ట్రే ఒకటి, నాలుగు కోళ్లకు ఒక్కటి చాలు. రెండు పెట్టినా అన్నీ ఒకదాంట్లోనే పెడతాయి, వంతుకోసం బయట నిలబడి తిట్టుకుంటాయి కూడా.

పైకప్పు విషయంలో నేను చేసిన తప్పు వేరే. వెల్డింగ్ షాపువాడు చవకగా అవుతుందని ఇనుప రేకు వేస్తే సరే అన్నాను. ఖమ్మంలో మే నెల. పన్నెండింటికే నీడలో కూడా గాలి కాలుతుంటుంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికున్న ముఖ్యమైన దారి. నేను ఆఫీసులో ఉన్నాను, అత్తయ్య మధ్యాహ్నం కునుకు తీస్తున్నారు, గుడ్డు పెట్టడానికి గూట్లోకి వెళ్లిన ఒక పెట్ట ఆ రేకు కిందే పోయింది. సాయంత్రం చూస్తే రెక్కలు రెండూ ఒంటికి దూరంగా విప్పి, మెడ ముందుకు చాచి ఉంది. ట్రేలో గుడ్డు కూడా ఉంది. ఆ మర్నాడు రేకు మీద తాటాకులు వేయించాం, ఇప్పుడు ఎండాకాలం చుట్టూ తడి గోనెలు కడతాం, మట్టి మూకుళ్లలో నీళ్లు మధ్యాహ్నం రెండుసార్లు మారుస్తాం. వేసవిలో పెంకులు పలచబడతాయి, గుడ్లు తగ్గుతాయి, అది కోడి తప్పు అనుకోకండి.

మేత దగ్గర అందరూ చేసేది ఒకటే, మిగిలిన అన్నం పెట్టడం. రోజూ అన్నమే తిన్న కోడి కొవ్వెక్కుతుంది, గుడ్లు మానేస్తుంది. ఒక్కో గుడ్డు పెంకులో రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది, అది అన్నంలోంచి రాదు. గుడ్లు పెట్టే కోళ్లకని అమ్మే లేయర్ దాణా కొనాల్సిందే, దాంతో పాటు ఆకుకూర కాడలు, మునగాకు, ఎండబెట్టి మెత్తగా నలిపిన గుడ్డు పెంకులు. పెంకుల్ని పెంకులుగానే పడేస్తే మాత్రం వాటికి రుచి తెలిసిపోయి పెట్టిన గుడ్డునే పొడుచుకు తినడం నేర్చుకుంటాయి, మా దగ్గర ఒకటి నేర్చుకుంది, మాన్పించడానికి నెల పట్టింది. ఉప్పు ఎక్కువున్నవి, ఊరగాయ కలిపిన అన్నం పెట్టకూడదు. బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న అయితే దగ్గరికే రానివ్వద్దు, ఆ బూజులో ఉండే విషం కాలేయాన్ని తినేస్తుంది. "కోళ్లకేగా" అని మనం వేసేవాటిల్లో సగం ఇలాంటివే ఉంటాయి.

లెక్కకొద్దాం, అసలు గొడవ ఇక్కడే. నాలుగు పెట్టలకు వంటింటి ఆకులూ కాడలూ పోను నెలకు ఎనిమిది కిలోల దాణా కొంటాను, దాదాపు 280 రూపాయలు. గుడ్లు నెలకు సగటున యాభై. అంటే మేతకే గుడ్డుకి ఐదున్నర పైన పడింది. గూటికి 9,000 అయింది, మూడేళ్ల గుడ్ల మీద పంచితే ఇంకో ఐదు రూపాయలు. టీకాలు, నట్టల మందు, ఊక, చచ్చిన కోళ్లు, నా సమయం ఇవేవీ కలపలేదు. పది రూపాయలు దాటిన గుడ్డు తింటూ "ఇంట్లో కోళ్లున్నాయి, గుడ్లు ఫ్రీ" అని చెప్పుకోవడం నాకు చేతకాదు. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నానంటారేమో, పీకక తప్పదు. డబ్బు ఆదా కోసమే అయితే కొట్టుకెళ్లి డజను తెచ్చుకోండి.

ఆరోగ్యం మాటా అంతే. గోధుమరంగు పెంకుకీ బలానికీ సంబంధం లేదు, పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. పచ్చసొన ముదురు రంగు ఆకులూ మొక్కజొన్నా తిన్నందుకు వస్తుంది. ఫారం గుడ్డును విషంలా చూసేవాళ్లతో నాకు పడదు. మన రాష్ట్రాల్లో ఇంత మంది పిల్లలకు బడిలో గుడ్డు అందుతోందంటే ఆ ఫారాల వల్లే. ఆ పంజరాల్లో కోడికి రెక్క విప్పుకునే చోటుండదన్నది వేరే వాదన, అది నిజమైన వాదన, నేను పెరట్లో కోళ్లు పెంచడానికి కారణాల్లో అదీ ఒకటి.

అన్నిటికన్నా తెలివితక్కువగా అందరూ వదిలేసేది టీకాలు. అమ్మమ్మ ఊరిని ఏటా ఊడ్చేసిన కొక్కెర తెగులుకు టీకా ఎప్పట్నుంచో ఉంది. పిల్లకి వారం లోపే కంట్లో ఒక చుక్క, నెల తిరిగేసరికి మళ్లీ, రెండు నెలలప్పుడు ఇంజెక్షన్. చుక్క వేశాక కోడి కన్ను ఆర్పేదాకా చేతిలోనే పట్టుకోవాలి, లేకపోతే తల విదిలించి చుక్కను మీ చొక్కా మీద వేస్తుంది. అసలు చిక్కు ఏమిటంటే ఆ సీసా వంద కోళ్లకు సరిపోతుంది, కలిపిన రెండు గంటల్లో వాడేయాలి, అప్పటిదాకా ఐసులోనే ఉండాలి. నాలుగు కోళ్లున్నవాళ్లకు సీసా విప్పమంటే పశువుల ఆసుపత్రిలో మొహం చిట్లిస్తారు, వాళ్లను అనడానికీ లేదు. అందుకే మా చుట్టుపక్కల కోళ్లున్న ఆరిళ్ల వాళ్లం కలిసి ఒక ఆదివారం పెట్టుకుంటాం. ఎవరి గంప వాళ్లు తెచ్చుకుని మా వాకిట్లో కూర్చుంటారు, నలభై కోళ్లకు గంటలో అయిపోతుంది, టీలు మాత్రం రెండుసార్లు పెట్టాల్సొస్తుంది.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఇదే ఆరిళ్లలో రెండిళ్లవాళ్లు భయపడి కోళ్లను తీసేశారు. మాకు సరిహద్దు దగ్గరే, ఆంధ్రా నుంచి వచ్చే కోళ్ల బండ్లను అక్కడ ఆపేస్తున్నారు, రోజూ అదే వార్త. మా ఆయన కూడా టెన్షన్ పడ్డాడు. నేను ఆ నెలంతా కోళ్లను గూట్లోంచి వదల్లేదు, కాకులు, కొంగలు వాలే చోట మేత వేయలేదు, గూడు దగ్గరికి వేరే చెప్పులు పెట్టుకున్నాను, గుడ్డు బాగా ఉడికించే తిన్నాం. భయపడడం తప్పు కాదు, కానీ భయపడి కోళ్లను సంచిలో వేసి ఊరవతల వదిలేసి రావడం ఏం పనో నాకర్థం కాలేదు. జబ్బు అనుమానమే ఉంటే అంతకన్నా చెడ్డ పని ఇంకోటి లేదు.

తోట గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే ఈ విషయంలో మా ఇంట్లో ఇంకా సంధి కుదరలేదు. కోళ్లు కలుపు తింటాయి, పురుగులు ఏరుతాయి అని చెప్పేవాళ్లు అత్తయ్య తోటకూర మడిలో అవి పది నిమిషాల్లో చేసిన పని చూడాలి. ఎక్కడ పొడి మట్టి ఉంటే అక్కడ గొయ్యి తీసి, ఒక పక్కకు ఒరిగి, రెక్కతో దుమ్ము ఎగజల్లుకుంటాయి. పేలు పోవడానికి వాటికి ఆ మట్టి స్నానం కావాలి కూడా. మడులకు అడ్డం కట్టి, ఒక మూల బూడిద, ఇసుక, ఎండిన వేపాకు పొడి కలిపి పోశాక కొంత నయం. ఎరువు సంగతి ఇంకో పాఠం. పచ్చి రెట్ట తీసుకెళ్లి కరివేపాకు మొదట్లో వేశాను, బలమని. వారానికి చెట్టు ఆకులన్నీ మాడి రాలిపోయాయి. కోడి ఎరువు వేడి, ఊకతో కలిపి మూడు నాలుగు నెలలు మాగనివ్వాలి. అత్తయ్య ఆ కరివేపాకు గురించి చుట్టాలందరికీ ఇప్పటికీ చెప్తారు.

ఇంత చెప్పాక మరి ఎందుకు పెంచుతున్నావు అని అడగొచ్చు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి గేటు తీయగానే నాలుగూ పరుగెత్తుకుంటూ వస్తాయి, పెద్ద కోడి పరుగు ఎప్పుడైనా చూశారా, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని బస్సు కోసం పరుగెత్తే మనిషిలా ఉంటుంది. గుడ్డు పెట్టాక అది చేసే హడావుడి, ఊరంతటికీ చెప్పందే దానికి తోచదు. మా పాప ఫోను పక్కన పెట్టి వెళ్లే చోటు ఇంట్లో ఆ గూడు ఒక్కటే. పోయిన ఏడాది ఊరి నుంచి తెచ్చిన నాటుపెట్ట పొదుగుకొస్తే తొమ్మిది గుడ్లు పెట్టాం, అత్తయ్య ఉరుములకు చెడిపోకుండా అని గంపలో బొగ్గుముక్క, మేకు ఒకటి వేశారు, నేనేమీ అనలేదు. ఇరవై ఒకటో రోజు తెల్లవారుజామున పాప గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని లోపల్నుంచి వచ్చే టక్ టక్ వింటూ కూర్చుంది. ఏడు పిల్లలయ్యాయి. బల్బు అక్కర్లేకపోయింది, కరెంటు పోయినా నేను లేవక్కర్లేకపోయింది. ఆ పని వచ్చిన తల్లి ఉంది కదా. వాటిని పెంచాక ఊళ్లో వాళ్లకు ఇచ్చేశాం, ఇంతకన్నా ఎక్కువ మా చోటు పట్టదు.

కొనేముందు ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇంకోటుంది, అది అడగడానికి ఎవరికీ నోరు రాదు. పెట్ట రెండేళ్లు బాగా పెడుతుంది, మూడో ఏడు తగ్గిస్తుంది, ఆ తర్వాత ఇంకో మూడు నాలుగేళ్లు తింటూ తిరుగుతుంది. అప్పుడేం చేస్తారు? కోసుకుంటాం అంటే సరే, అందులో సిగ్గుపడాల్సింది లేదు, అమ్మమ్మ అదే చేసేది. అలాంటప్పుడు పిల్లల చేత పేర్లు మాత్రం పెట్టించకండి. మేం ముందు తేల్చుకోలేదు. బెల్లం గుడ్లు మానేసి ఏడాది దాటింది. అన్నిటికన్నా ముందు మేతకొస్తుంది, చీకటి పడుతుంటే మిగతావాటిని గూట్లోకి తీసుకెళ్లేది కూడా అదే. ముదురు కోడి పులుసు మిరియాలేసి సన్నసెగ మీద పెడితే ఎంత బాగుంటుందో అత్తయ్య చాలాసార్లు వర్ణించారు. పాప ఇంట్లో ఉంటే కొంచెం గొంతు తగ్గించి వర్ణిస్తారు. పోయిన సంక్రాంతికి కత్తి కూడా నూరించారు. తీరా పండగనాడు కూరగాయల పళ్లెంతో వంటింట్లోకి వెళ్తూ "ఈ పండక్కి వద్దులే అమ్మాయ్, వచ్చే సంక్రాంతికి చూద్దాం" అన్నారు. అంతకుముందు సంక్రాంతికీ అదే అన్నారు.